శాస్త్రము – దాని పొలిమేర

చంద్రగ్రహణమునాటి సాయంకాలము మన యిండ్లలో ఒకే మాట రెండు నోళ్లనుండి వెలువడుట చదువరులు వినియేయుందురు. కత్తిపీట ముందు కూర్చుండబోయిన గర్భవతియగు కోడలిని చూచి అత్తగారు "వద్దమ్మా, శాస్త్రము ఒప్పదు" అనును. కళాశాలలో చదివి వచ్చిన కుమారుడు "అమ్మా, నీ నమ్మకమునే శాస్త్రము ఒప్పదు" అనును. మాట యొక్కటే, అర్థములు రెండు. తల్లి చెప్పు శాస్త్రము ఆజ్ఞాపించునది. కుమారుడు చెప్పు శాస్త్రము పరీక్షించి తెలుపునది. శాసించునది గనుక శాస్త్రమని మన పూర్వులనిరి. పరీక్షించి తెలుపు క్రొత్త విద్యకుగూడ మనము ఆ పేరే పెట్టుకొంటిమి. పేరుతోపాటు పాత సింహాసనమునుగూడ దాని కప్పగించితిమా యనునదే నా సందేహము.

ప్రకృతిశాస్త్రమునకు మేర యున్నదా, ఉన్నచో అది యెక్కడ, ఆ మేర కావల నేమున్నది యను ప్రశ్నలు వేదాంతులకు మాత్రమే చెందినవి కావు. గ్రహణము విడుచువరకు చీకటిగదిలో కదలక మెదలక పడియుండవలసిన ఆ కోడలికి వానితో నిమిత్తము గలదు. ఇట్టి విషయమును గాలిలో చర్చించుటకంటె ఒకచోట నిలువబడి పరీక్షించుట మేలు. అందులకు శ్రీకాకుళము జిల్లాలో వంశధారాతీరమున నున్న శ్రీముఖలింగముకంటె తగిన చోటు నాకు తోచలేదు. కళింగము నేలిన తూర్పుగాంగుల రాజధాని కళింగనగరము ఇదియే. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు ఆనాటి వైభవమునకు నేటికిని సాక్షులై నిలిచియున్నవి. ఆకాశమును గణించు విద్యయు, రాగిరేకులను చదువు విద్యయు, కొండజనుల నోటిమాటయు ఇచ్చట ఒక్కచో కలిసికొన్నవి. వానిని విడదీసి చూచినచో మన ప్రశ్నకు సమాధానము దొరకవచ్చును.

మొదట ప్రకృతిశాస్త్రమునకు చెల్లవలసిన గౌరవమును కొఱత లేకుండ చెల్లింతము. భూమినీడ చంద్రుని కప్పుట చంద్రగ్రహణమనియు, చంద్రుడు సూర్యుని కప్పుట సూర్యగ్రహణమనియు ఆర్యభటుడు తన ఆర్యభటీయమున చెప్పెను. ఆ గ్రంథము తెలుపు కాలము క్రీ.శ. 499. గాంగులు తమ శకమును లెక్కింప మొదలిడినదియు ఇంచుమించుగా ఆ యేండ్లలోనే. కావున ఈ నీడసిద్ధాంతము ఓడలమీద దిగుమతియైన సరకు కాదు. ఈ యుత్తరతీరముననే విశాఖపట్టణమున గోడే వెంకటజగ్గారావుగారు 1840లో స్వంతముగ ఒక నక్షత్రశాలను నెలకొల్పిరి. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు గుంటూరునకు వచ్చి, సూర్యుని యంచున లేచు జ్వాలల వెలుగును వర్ణములుగ విడదీసి, అవి మండుచున్న వాయువులని కనుగొనెను. ఆనాడు కనబడిన పసుపు గీతయే హీలియమను మూలపదార్థము జాడ తెలిపినది. అప్పటికి భూమిమీద నెవ్వరును ఎఱుగని ఆ వాయువును 1895లో రామ్సే యిచ్చటనే పట్టియిచ్చెను. మన గుంటూరు ఆకాశమున క్షణకాలము మెరసినది యిట్లు లోకజ్ఞానమున చేరినది.

ఇట్టి విద్య "గ్రహణము గర్భస్థశిశువును బాధింపదు" అని చెప్పునప్పుడు మనము దానిని వినవలెను. ఏలయనగా ఇది పరీక్షింపదగిన మాట. పెదవి చీలి పుట్టిన బిడ్డను మనవారు "గ్రహణపు మొఱ్ఱి" గల బిడ్డ యందురు. ఒక్క పేరులోనే కారణమును, నిందను, తీర్పును ఇమిడ్చిరి. శిశువు పెదవి రూపొందుట గర్భము నిలిచిన తొలి వారములలోనే ముగియును. ఏడవ నెలలో తల్లి గ్రహణమును చూచుటవలన చీలిక కలుగుట అసంభవము. తొలి వారములలో చూచినను కలుగదు. నీడకు అట్టి శక్తి లేదు. వంశగతమైన కారణములును, గర్భకాలమున పడిన ఇతర ప్రభావములును చేరి ఈ చీలిక నేర్పరచునని వైద్యులు చెప్పుదురు. శస్త్రచికిత్సచే దానిని సరిచేయుదురు. అయినను ఆ తల్లి "ఆనాడు నేను గడప దాటితిని కాబోలు" అని జీవితాంతము కుమిలిపోవుచుండును. ఈ విషయమున "శాస్త్రమునకు తెలియనివి ఎన్నో గలవు" అని అడ్డుపడుట వినయము కాదు, క్రౌర్యము. ఇది శాస్త్రము పొలములోపలి భూమి. ఇక్కడ దాని మాట చెల్లవలసినదే.

ఇక ఆ పొలము చివరకు నడిచి చూతము. తూర్పుగాంగుల తామ్రశాసనములు అనేకము గాంగశకవత్సరములలో కాలమును చెప్పును. ఆ శకము ఎన్నడు మొదలైనదో చెప్పు శాసనము దొరకలేదు. మరి లెక్క కట్టుట యెట్లు? కొన్ని శాసనములు గ్రహణపుణ్యకాలమున దానము చేసితిమని చెప్పుచున్నవి. గ్రహణములను వెనుకకు గణింపవచ్చును గనుక పండితులు ఆనందించిరి. ఆకాశమే సాక్ష్యము చెప్పునప్పుడు ఇక వివాద మేమి?

కాని వివాదము తీరలేదు. ఈ శకారంభమును నాలుగవ శతాబ్దమున ఉంచినవారు గలరు. ఎనిమిదవ శతాబ్దమున ఉంచినవారును గలరు. గణితము తప్పినందువలన గాదు. ఒకానొక మాసమున పూర్ణిమనాడు గ్రహణము పట్టెనని శాసనమున నున్నదనుకొందము. చంద్రుని మార్గము సుమారు 5 డిగ్రీలు వాలియుండుటచేత ప్రతి పూర్ణిమకును గ్రహణము పట్టదు, నిజమే. అయినను 18 సంవత్సరముల 11 దినముల కొకసారి గ్రహణక్రమము తిరిగి వచ్చును. 19 సంవత్సరముల కొకసారి తిథులును సౌరమానమును మరల కలిసికొనుటచేత అదే మాసమున అదే పూర్ణిమకు గ్రహణము పలుమారులు పట్టును. గణితము ఒక శతాబ్దమున పెక్కు గ్రహణములను మన ముందుంచి, "వీనిలో మీ రాజు దానము చేసిన దేదో మీరే చెప్పుడు" అని యూరకుండును. చంద్రునకు తాను నీడలో మునిగిన దినము తెలియును. ఆనాడు క్రింద నదిలో మునిగి నీరు ధారవోసిన రాజెవ్వడో తెలియదు.

అది తెలుపవలసినది రాగిరేకు. లిపిరూపములు ఏ కాలమువి? శాసనములోని తండ్రితాతల పేర్లు ఇతర శాసనములతో సరిపోవునా? చెక్కినవాడు అంకె తప్పెనా? ఇది కూటశాసనము కాదుగదా? ఈ ప్రశ్నల నన్నిటిని వడపోసిన పిమ్మటనే గణితము అక్కఱకు వచ్చినది. నేడు పండితులు గాంగశకారంభమును క్రీ.శ. 496–498 నడుమ నుంచుచున్నారు. ఈ నిర్ణయమున నక్షత్రగణితము వహించిన పాత్ర గొప్పదే. అయినను అది సాక్షిగ వచ్చినది, న్యాయాధిపతిగ కాదు. మానవుడు మానవునకు విడిచిపోయిన మాటను చదువుట వేఱొక విద్య. దానికిని నియమములు గలవు, తప్పొప్పులు గలవు. దూరదర్శినితో కనబడనంతమాత్రమున అది ఊహాగానము కాదు.

ఈ విద్యను శ్రీముఖలింగమున తనంతట తాను నేర్చుకొన్న మహనీయుడు గిడుగు వెంకటరామమూర్తిపంతులుగారు. 1863లో ఈ సమీపముననే పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై చేరిరి. గురువు లేకయే ముఖలింగాలయములోని శాసనముల పాతలిపులను కూడబలుకుకొని చదువ నేర్చిరి. వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును, శకవర్షము 979 నాటి దానిని, పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిరి. అంతకుముందు కళింగనగరమనగా సముద్రతీరమునందలి కళింగపట్టణమని తలచినవారుండిరి. పేర్ల పోలికచే చూచిన అదే సమంజసముగ తోచును. ముఖలింగమే కళింగనగరమని పంతులుగారు చూపిరి. ఆలయముల శిథిలవైభవమును, స్తంభములమీది శాసనములును, ప్రక్కనే నగరకటకమని నేటికిని పిలువబడు గ్రామమును వారికి తోడ్పడినవి. రాజధాని పోయి శతాబ్దములు గడచినను, పొలమునకు పోవు రైతు నోట "నగరము" అను మాట బ్రతికియున్నది. ఏ కొలబద్దయు కొలువని సాక్ష్యమది.

ఇక మూడవది, ఇప్పచెట్టు. మధుకేశ్వరుడను పేరు మధూకమునుండి, అనగా ఇప్పచెట్టునుండి, వచ్చినదందురు. గ్రామస్థులు చెప్పు కథ యిది: ఒక సవరనాయకునకు ఇద్దరు భార్యలు. ఇంటిముందరి ఇప్పచెట్టు కొమ్మలను వారిద్దరు పంచుకొనిరి. ఒకతె పాలిటి కొమ్మనుండి రాలిన పూలు బంగారమయ్యెను. సవతుల కలహము ముదిరెను. తగవు తీర్చలేక ఆతడు చెట్టునే నరుకబోగా, అందుండి శివుడు ముఖము చూపెను. గర్భగుడిలోని లింగము ఆ చెట్టు మొదలేనని భక్తుల విశ్వాసము.

మన కళాశాలాకుమారుడు ఇచ్చట "ఆ లింగమునుండి ఒక పెచ్చు తీసి పరీక్షించినచో రాయో కొయ్యయో తేలిపోవును" అనును. నిజమే, తేలిపోవును. రాయియని తేలినచో, లింగము కొయ్యయను మాట పదార్థవిషయమున తప్పని నిస్సంకోచముగ ఒప్పుకొనవలెను. కాని దానితో కథ ముగిసినదా? ఇంత గొప్ప రాజవంశము కట్టించిన ఆలయమున, దేవుడు మొదట సవరయింటి ముంగిట వెలసెనని శతాబ్దములుగ చెప్పుకొనుచున్నారు. ఎందులకు? ఎవరు ఎవరికి ఋణపడియున్నారని ఆ కథ తలచుచున్నది? రాజును కాదని అడవిమనిషికి తొలి దర్శన మిచ్చుటలో ఈ జనుల మనస్సేమి? ఇవి అర్థవంతములైన ప్రశ్నలు. పెచ్చులో వీని సమాధానము లేదు. అట్లని ఎవరి యిష్టము వచ్చినట్లు వారు చెప్పుటకును వీలులేదు. కథాభేదములను సేకరింపవలెను, చెప్పువారి భాష తెలియవలెను, ఆచారములతో పోల్చవలెను. కథ నమ్మకమును తెలుపును గాని చరిత్రను దానంతట అది నిరూపింపదని మఱవరాదు.

సవరల మాట వచ్చినది గనుక అడుగుచున్నాను: వారిని గూర్చి కథ చెప్పుకొన్న మనము వారి మాట నెన్నడు విన్నాము? రామమూర్తిపంతులుగారు వినిరి. పర్లాకిమిడి పరిసరముల కొండలలోని సవరల భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చెందినది కాదు. అది సంతాలీ మొదలగువానితో కూడిన ముండాశాఖకు చెందినది. దానికి అప్పటికి లిపి లేదు, నిఘంటువు లేదు. పంతులుగారు తెలుగు వచ్చిన సవరవానిని తమ యింట నుంచుకొని ఆ భాష నేర్చిరి. ఆ భాషలో వాచకములు, పాటలు, కథలు వ్రాసిరి. 1931లో సవరభాషకు వ్యాకరణరూపమైన మాన్యుయలును, 1938లో నిఘంటువును మద్రాసునుండి వెలువడినవి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, తనకు వలదనియు, ఆ సొమ్ముతో సవరపిల్లలకు బడి పెట్టింపుడనియు కోరిరి.

ఈ కృషిలో శాస్త్రీయభాగము చాల గలదు. ధ్వనులను వినుట, సంకేతములలో వ్రాయుట, మఱియొకరినోట సరిచూచుకొనుట, ఇవి పరీక్షాపద్ధతులే. కాని ఒక మాట అర్థమును తెలిసికొనుటకు ఆ మాట పలుకువానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనక తప్పదు. ఆతడు వస్తువు కాదు; ఉపాధ్యాయుడు. నక్షత్రమునకు మనయెడల నమ్మకము కలుగనక్కఱలేదు, సవరవానికి కలుగవలెను. అంటరానివాడని దూరముంచిన సమాజమునకు ఆ భాష ఎన్ని పరికరములున్నను వచ్చియుండెడిది కాదు. కొన్ని విషయములను తెలిసికొనుటకు బుద్ధి చాలదు, నడవడి మారవలెను. జ్ఞానమునకు నడవడి ద్వారమగుట ప్రయోగశాలలో అంతగా కనబడదు గాని, మనుష్యులను తెలిసికొనుటలో అది మొదటి మెట్టు.

దీనికి పంతులుగారు చెల్లించిన మూల్యము వినుడు. కొండలలో తిరుగుటచే వారికి మలేరియా పట్టెను. ఆ జ్వరమునకు మందు క్వినైను. మనవారు కొయినా యందురు. ఆ మందు ప్రాణము నిలిపెను గాని చెవులను చెఱచెను. వినికిడితోనే పనిగల భాషావేత్తకు చెవుడు వచ్చుటకంటె కఠినమైన దేమి కలదు? మలేరియా పురుగు దోమ కడుపులో నుండునని రొనాల్డు రాసు 1897లో మన సికిందరాబాదునందే కనుగొనెను. క్వినైను చెవికి చేయు హానిని గూర్చియు వైద్యశాస్త్రము చక్కగ చెప్పగలదు. కొండకు పోయిన జ్వరము వచ్చునా, మందు తిన్న చెవి పోవునా యని అడుగుడు. శాస్త్రము సమాధాన మిచ్చును. "అయితే పోవలెనా, మానవలెనా? ఒక గిరిజనుని బిడ్డకు తన భాషలో అక్షరము దొరకుట నా చెవులకు సరితూగునా?" అని అడుగుడు, అది మౌనము వహించును. ఆ మౌనము లోపము కాదు, నిజాయితీ. వ్యాధిని, మందును, హానిని తెలియక నిర్ణయించువాడు మూర్ఖుడు. అవి తెలిసినంతమాత్రమున నిర్ణయము దానంతట అదే యూడిపడునని తలచువాడును అట్టివాడే.

పంతులుగారియెడల భక్తితోనే వారి వ్యావహారికభాషావాదమును గూర్చి ఒక విమర్శ చేయవలసియున్నది. జనులు ఇట్లు మాటలాడుచున్నారనునది భాషాశాస్త్రము చూపిన సత్యము. కావున ఇట్లే వ్రాయవలెననునది ఆ శాస్త్రము తీసిన ఫలితము కాదు. అది పిల్లలయెడల న్యాయబుద్ధి చేసిన తీర్పు. బడిపిల్లవాడు ఇంట వినని భాషలో చదువు నేర్వలేక వెనుకబడుట అన్యాయమని వారి హృదయము చెప్పినది. ఆ వాదమునకు బలము అదియే. వారి పక్షమువారు కొందఱు దానిని భాషాశాస్త్రసిద్ధాంతమువలె చెప్పి బలమును తగ్గించిరి. ఎదిరిపక్షమువారు వ్యాకరణశాస్త్రమును ఆజ్ఞాపత్రముగ చూపిరి. ఇరువైపులను మరల ఆ "శాస్త్రము ఒప్పదు" అను మాటయే! గ్రాంథికవాసన వదలని ఈ వ్యాసమును పంతులుగారు చూచినచో నాకును నాలుగు చీవాట్లు తప్పెడివి కావు. అప్పుడైనను వారు నన్ను చీవాట్లు పెట్టుట న్యాయము పేరనే గాని గణితము పేర కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "శాసనపఠనము, భాషాపరిశోధన, ఇవియు శాస్త్రములే. ఆధారము చూపి సరిచూచుకొను విద్య లన్నిటికిని అదే పేరు. ఇక మేర యెక్కడిది?" శ్రద్ధతో చేయు ప్రతి విచారణకును శాస్త్రమని పేరు పెట్టినచో నాకు తగవు లేదు. అప్పుడు ఒక్క షరతు: కొలువబడనిది జ్ఞానము కాదను మాటను ఉపసంహరించుకొనవలెను. తామ్రశాసనము చదువుటలో మరల చేసి చూపు ప్రయోగము లేదు. రాజు రెండవమారు దానము చేయడు. సాక్ష్యముల బరువు తూచుటయే అందలి పరీక్ష. అంత విశాలార్థమున తీసికొన్నను, ఏది చేయదగినది యను ప్రశ్న మిగిలియే యుండును. "ఉన్నది" అను మాటలు ఎన్ని ప్రోగుచేసినను వానిలోనుండి "చేయవలెను" అను మాట తనంతట పుట్టదు. మనుష్యుడు దానిని కలుపవలెను, కలిపినందులకు పూచీ వహింపవలెను.

ఇంకొక ప్రమాదము దీనికంటె పెద్దది. "చూచితిరా, శాస్త్రమునకు మేర యున్నదట!" అని సంతసించి, ముహూర్తములను, తాయెత్తులను, గ్రహణపు చీకటిగదిని ఆ త్రోవను మరల లోనికి తెచ్చువారు గలరు. వారికి నా మనవి: ఒకని పొలముగట్టు దాటినంతమాత్రమున ఆవలిది బంజరు కాదు. అదియు ఒకని సాగుభూమియే. దానికిని హద్దులు, శిస్తు, పూచీలు గలవు. చరిత్రపొలమున అడుగిడువాడు సాక్ష్యమను శిస్తు కట్టవలెను. కథపొలమున అడుగిడువాడు చెప్పినవారి భాషను నేర్వవలెను. ధర్మపొలమున అడుగిడువాడు తన మాటవలన ఎవరు బాధపడుదురో వారి ముఖము చూచి చెప్పవలెను. ఈ పరీక్షలలో గ్రహణపు చీకటిగది ఏ యొక్కదానికిని నిలువదు. దేహమునకు మేలని చెప్పినచో వైద్యుడు కాదనును. ఆచారమని చెప్పినచో, నిరపరాధినియగు స్త్రీని నిందించు ఆచారము ధర్మ మెట్లగునని మనస్సు అడుగును.

కావున ఈమారు గ్రహణము వచ్చినపుడు ఇట్లు చేయుడని నా ప్రార్థన. చంద్రగ్రహణమైనచో కోడలిని పెరటిలోనికి పిలుచుకొని వచ్చి కుర్చీ వేసి చూపుడు. దానిని ఉత్తకన్నులతో చూచినను హాని లేదు. సూర్యగ్రహణమైనచో గర్భవతియే కాదు, ఎవ్వరును తగిన కంటిరక్షణ లేక చూడరాదు. ఇంతవరకు శాస్త్రము మాట. ఆ పిమ్మట అత్తగారిని మధ్య కూర్చుండబెట్టి, తన చిన్ననాట గ్రహణమునకు ఏ రేవున స్నానమాడిరో, ఏ పాట పాడుకొనిరో, ఎవరికి ఏమి దానమిచ్చిరో చెప్పింపుడు; చిన్నవారు వ్రాసికొనుడు. శతాబ్దముల క్రితము ఒక రాజు గ్రహణవేళ నిచ్చిన దానమును రేకుమీద చెక్కించెను గనుకనే మనకు కళింగము కథ కొంత తెలిసినది. మన యింటి పెద్దామె జ్ఞాపకములకు రాగిరేకు లేదు. ఆమె భయమును తీసివేయుడు, జ్ఞాపకములను దాచుకొనుడు.